టాపెట్ల చప్పుడు

మా మోటారుసైకిలు పాఠశాల ద్వారముకడకు రాకమునుపే దాని చప్పుడు తరగతిగదులలోనికి వచ్చును. "మేష్టారు వచ్చుచున్నారు" అని బాలురు పుస్తకములు సవరించుకొనుటకు ఆ ధ్వని వారికి మిక్కిలి ఉపకరించుచున్నదని మేమెరుగుదుము. ఆ పెద్ద మ్రోతలో, శ్రద్ధగా ఆలకించువారికి, గడియారపు టిక్కుటిక్కు వంటి మరియొక చిన్న చప్పుడుకూడ వినవచ్చును. గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మావద్దకు వచ్చి, "అయ్యా, మీ బండిలో ఏదో వదులైనది. బాగు చేయించుకొనరాదా?" అని వినయముతో అడిగెను. గంట మ్రోగుటకు కొలది నిమిషములే యుండుటచేత మేమాతనికి సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ బాలుని ప్రశ్నకు సమాధానముగా ఈ వ్యాసము వ్రాయుచున్నాము. దీనియందు కొంత యంత్రశాస్త్రమును, కొంత మా తెలివితక్కువయు, కొంత మా మేనమామగారి కథయు కలిసియున్నవి. ఆ మూడింటిని విడదీసి చెప్పుట మాకు సాధ్యము కాలేదు.

ఈ బండి మొదట మాది కాదు, మా మేనమామగారిది. ఆయన ఉద్దానమున కవిటికి సమీపమునగల యొక పల్లెలో నివసించువారు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని మా పెద్దలు చెప్పుదురు. కొబ్బరితోటలు, జీడిమామిడి, పనస, వీనినడుమ ఇసుక బాటలు, బాటల చివర సముద్రపు హోరు, ఇదియే ఆ ప్రాంతము. 1986వ సంవత్సరమున కొబ్బరికాయలు మంచి ధర పలికినప్పుడు ఆయన బుల్లెట్టు బండి నొకదానిని కొనిరి. సంతకు పోవలెనన్నను, పురిటినొప్పులు వచ్చిన యిల్లాలికొరకు రాత్రివేళ సోంపేటనుండి వైద్యుని తీసికొని రావలెనన్నను ఊరివారు ఆ బండికొరకే వచ్చెడివారు.

బుల్లెట్టు కథ మన విద్యార్థులు తెలిసికొనదగినది. ఇంగ్లాండునందలి రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డు కర్మాగారమున 1932లో ఈ పేరు మొట్టమొదట ఒక బండికి పెట్టిరి. స్వాతంత్ర్యానంతరము మన సైన్యము సరిహద్దులందు తిరుగుటకు 800 బుల్లెట్లను కోరెను. దానిఫలితముగా 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ యేర్పడి, తిరువొత్తియూరునందు ఈ బండ్లను తయారు చేయసాగెను. రెడ్డిచ్‌లోని కర్మాగారము కాలక్రమమున మూతపడినను, మద్రాసు బండి మాత్రము నిలిచినది. మా మేనమామగారి బండి ఆ పాతతరమునకు చెందినది. దాని పోతయినుప సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు. ముషలకము, అనగా పిస్టను, పైకి క్రిందికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు. ఈ రెంటినిబట్టి దాని ఘనపరిమాణము 346 ఘన సెంటీమీటర్లగునని ఎనిమిదవ తరగతివారు సయితము లెక్క కట్టవచ్చును.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. ఒక్క రాత్రిలో ఉద్దానపు కొబ్బరిచెట్లు వేలకువేలు నేలకొరిగినవి. విద్యుత్తు లేక, మోటార్లు నడవక, పల్లెలు త్రాగునీటికి అలమటించినప్పుడు మా మేనమామగారు బండి వెనుక నీళ్ల డబ్బాలు కట్టి పగలెల్ల తిరిగిరి. తోట పోయినది. నలుబది యేండ్లు పెంచిన చెట్లు పోయినపిదప ఆయనకు తిరుగుటయందు ఆసక్తి తగ్గెను. 2019లో తాళపుచెవి మాచేతిలో పెట్టి, "ఒరే అల్లుడూ, దీన్ని నువ్వు ఉంచుకోరా. దీని సౌండు మాత్రం మార్చకు" అనిరి. ఆ రెండవ మాటయొక్క అర్థము మాకప్పుడు బోధపడలేదు.

ఇక ఆ సౌండు ఏమో వివరింతుము. ఇంజనులోనికి పెట్రోలు కలిసిన గాలి వచ్చుటకు ఒక ద్వారము, కాలిన పొగ పోవుటకు మరియొక ద్వారము కలవు. వీనిని మూయుచు తెరచుచు నుండు ఉక్కు తలుపులే వాల్వులు. మన పాఠ్యపుస్తకములు వీనిని కవాటములనును. సిలిండరు ప్రక్కన అడుగుభాగమునందు తిరుగు క్యాములు టాపెట్లను పైకి నెట్టును; టాపెట్లు పుష్‌రాడ్లనబడు పొడుగాటి కడ్డీలను నెట్టును; కడ్డీలు పైనున్న రాకర్లను, రాకర్లు వాల్వులను నెట్టును. ఇట్లు నలుగురు చేతులు మార్చినపిదప గాని తలుపు తెరచుకొనదు. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క వాల్వు 1500 సారులు, అనగా సెకనుకు 25 సారులు, తెరచుకొని మూసికొనుచుండును.

ఈ వరుసలోని భాగములన్నియు ఒకదానినొకటి బిగియార నానుకొనియున్నచో ఏమగును? వేడిచేత లోహము పెరుగునని బంతి–వలయము ప్రయోగమున మీరందరు చూచియున్నారు. చల్లగా నున్నప్పుడు వలయములో దూరిన బంతి కాచినపిదప దూరదు. నూరు మిల్లీమీటర్ల ఇనుపకడ్డీని నూరు డిగ్రీలు వేడిచేసినచో అది సుమారు 0.11 మిల్లీమీటరు పెరుగును. అల్యూమినియమైనచో సుమారు 0.23 మిల్లీమీటరు. ఇంజనులో ఇనుము, ఉక్కు, అల్యూమినియము మూడును ఉన్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క మేరకు వేడెక్కి, ఒక్కొక్క మేరకు పెరుగును. కావున ఏ ఇంజనుకు తగినట్టు దానికి, ఈ వరుసలో కొంచెము సందు విడువవలెను. అది మీరు వ్రాసికొను కాగితపు మందమంత, ఒక్కొక్కచో అంతకంటెను తక్కువ. ఆ సందులో లోహము లోహమును తాకునప్పుడు పుట్టునదే ఆ టిక్కుటిక్కు చప్పుడు. తరువాతికాలపు కొన్ని ఇంజనులలో ఆ సందును నూనెయే తనంతట నింపుచుండును గనుక వానియందు ఈ చప్పుడు వినరాదు. వాని యజమానులకు ఈ పనియు లేదు. పాతబండి గలవారికి మాత్రము ఈ విద్య తప్పదు.

ఇప్పుడు మా తెలివితక్కువను చెప్పవలసియున్నది. 2022 సంక్రాంతి సెలవులలో మా స్నేహితుడొకడు క్రొత్త బండిపై మా యింటికి వచ్చెను. ఆ బండి పిల్లివలె వచ్చి నిలిచెను. అతడు మా బండి చప్పుడు విని, "ఇది బండియా, కుట్టుమిషనా?" యని నవ్వెను. మేమును నవ్వితిమి గాని ఆ మాట లోపల గ్రుచ్చుకొనెను. విజ్ఞానశాస్త్రము బోధించువారము, చేతిలో పానాలున్నవి, ఇంతమాత్రపు పని మాకు రాదా యనుకొంటిమి. ఆ సాయంకాలమే, టెక్కలి వీథులు తిరిగి వచ్చిన బండి యింకను చేయి పెట్టలేనంత వేడిగా నుండగనే, టాపెట్ల మూత విప్పి, చప్పుడు పూర్తిగా అణగువరకు రెండు కడ్డీలను బిగించితిమి. వ్రేళ్లతో త్రిప్పి చూడగా కడ్డీలు తిరుగలేదు. మంచి బిగువు కుదిరినదని సంతసించితిమి. మరునాడు బండి మునుపెన్నడును లేనంత మెత్తగా పలికెను. ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. ఆ మెప్పుతో మేము ఆరు వారములు తిరిగితిమి.

ఆ దినములయందే ఉద్దానమున మా మేనమామగారి పల్లెలో వైద్యసిబ్బంది రక్తపరీక్షలు జరిపిరి. ఆ ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి యెంతకాలముగా ఎందరి యిండ్లలో చొచ్చియున్నదో ఈ జిల్లావారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో దానిచేత నష్టపడని పల్లె అరుదు. మధుమేహము గాని రక్తపుపోటు గాని లేనివారికి సయితము, ముఖ్యముగా తోటలలో పొలములలో ఎండకు పనిచేయువారికి, అది వచ్చుచున్నది. దేశవిదేశముల పరిశోధకులు వచ్చి నీటిని, మట్టిని, మనుష్యులను పరీక్షించిరి. ఇదమిత్థమని ఒక్క కారణము మాత్రము స్థిరపడలేదు. మా మేనమామగారి రక్తములో క్రియాటినిన్ హెచ్చుగా నున్నదని, పలాసలో వైద్యునకు చూపించుకొనవలెనని ఆ సిబ్బంది కాగితము వ్రాసియిచ్చిరి. ఆయన ఆ కాగితమును పంచాంగములో పెట్టి ఎవ్వరికిని చెప్పలేదు. మా అత్తగారు కనుగొని మాకు కబురు చేసిరి. "ఎవరు పిలిచినా కదల్లేదు బాబూ. నువ్వు వచ్చి నీ బండిమీద తీసికెళ్తానంటే మాత్రం వస్తానన్నారు" అని ఆమె చెప్పిరి. ఆయన కోరినది తన బండిపై ప్రయాణమని మేము గ్రహించితిమి.

ఫిబ్రవరి నెల చివర ఒక శనివారమున తెల్లవారుజామున టెక్కలినుండి బయలుదేరితిమి. నందిగాము దాటువరకు ప్రయాణము సుఖముగనే జరిగెను. పిదప బండి ఎత్తులు ఎక్కుటకు మొరాయింపసాగెను. సైలెన్సరునుండి నడుమ నడుమ టప్పున ప్రేలుడువంటి శబ్దములు వచ్చెను. కాశీబుగ్గ మరి రెండు కిలోమీటర్లున్నదనగా ఇంజను ఆగిపోయెను. కిక్కు కొట్టి చూడగా కాలికి బరువు తగులలేదు. ఊరక క్రిందికి జారిపోయెను. బుల్లెట్టు కిక్కునకు బరువు లేకపోవుట యనగా సిలిండరులో గాలి నిలుచుటలేదని యర్థము. అంతటి బండిని రెండు కిలోమీటర్లు నెట్టుకొనుచు జీడిపిక్కలు కాల్చు వాసనలోగుండ కాశీబుగ్గ చేరి, ఒక మెకానిక్కు దుకాణము తెరచువరకు అరుగుమీద కూర్చుంటిమి.

ఆ మెకానిక్కు చదువుకొనినవాడు కాడు గాని మూత విప్పినవెంటనే కడ్డీలను రెండు వ్రేళ్లతో పట్టి చూచి మావంక తిరిగి, "ఏటి మేష్టారూ! సౌండొస్తందని బిగించెసినారా?" యని యడిగెను. మేము మారుపలుకలేదు. హెడ్డు దింపి పొగవాల్వును తీసి మా అరచేతిలో పెట్టెను. గుండ్రని అంచున ఒకచోట, ఎలుక కొరికినట్లు, లోహము కరిగి పోయియుండెను. "లూజుగుంటే అది అరుస్తది మేష్టారూ. టైటుగుంటే అరవదు. కాలిపోద్ది" అని యతడనెను. ఇంతకంటె సంగ్రహముగా ఈ విషయమును ఏ గ్రంథమునందును మేము చదివియుండలేదు.

దాని కారణమును విద్యార్థులకు విశదపరచెదము. పొగవాల్వు మంటలోనే నివసించునది. దాని తల సుమారు 700 డిగ్రీలవరకు వేడెక్కును. ఆ వేడి దానిని కరగింపకుండుటకు హేతువు, అది మూసికొనినప్పుడెల్ల తన పీఠమును గట్టిగా నానుకొని, వేడిలో అధికభాగమును పీఠముద్వారా హెడ్డునకు, హెడ్డునుండి బయటిగాలికి అప్పగించుచుండుటయే. సెకనుకు 25 సారులు లభించు ఆ చిన్న విశ్రాంతియే దాని ప్రాణము. కడ్డీని మేము బిగించుటచేత వాల్వు వెంట్రుకవాసి పైకి లేచియుండి పీఠము నంటుట మానెను. విశ్రాంతి పోయెను. ఆ సన్నని సందునుండి మంట కోసుకొనుచు పోవసాగెను. బండి మెత్తగా పలుకుచున్నదని మేము మురియుచున్న ఆరు వారములును లోపల జరుగుచున్న పని యిది. వదులుగా నున్నచో చప్పుడు, భాగములు అరుగుట, బలము కొంత తగ్గుట మాత్రమే కలుగును. అదియు దోషమే గాని చెప్పి చేయు దోషము. బిగువు చెప్పక చేయును.

వాల్వును, పీఠమును సరిచేయుటకు నాలుగు దినములు పట్టునని మెకానిక్కు చెప్పెను. మేము బస్సుమీద కవిటి చేరునప్పటికి మధ్యాహ్నము దాటినది. మా మేనమామగారు తెల్లచొక్కా తొడుగుకొని వీథి అరుగుమీద ఉదయమునుండి కూర్చుండిరట. బండి లేదని తెలిసినవెంటనే, "సరేలే, ఇంకోరోజు ఎళ్దాం. నాకేటి కష్టం నేదు గదా" యని చొక్కా విప్పి దండెమున వేసిరి. బస్సుమీద పోవుదమని మేమెంత చెప్పినను వినలేదు. ఆయనకు భయమున్నది, ఆ భయమునకు మేము సాకు చేకూర్చితిమి. ఆ 'ఇంకోరోజు' మూడు నెలలకు వచ్చెను. జీడిపిక్కల కోత వచ్చె ననిరి; పిదప పెండ్లిండ్లు వచ్చె ననిరి. జూనులో కాళ్లకు నీరు దిగినపిదప మాతో పలాసకు వచ్చిరి.

వైద్యుడు నివేదికలు చూచి, మూత్రపిండముల శక్తిలో చాలభాగము అదివరకే పోయినదని, ఈ రోగము సగమునకు పైగా పని పూర్తిచేసినపిదప గాని నొప్పి, వాపు మొదలగు గుర్తులను చూపదని చెప్పెను. ముందే వచ్చినచో ఏమగునో మేమడిగితిమి. పోయిన శక్తి తిరిగి రాదు గాని, ముందే తెలిసినచో మిగిలినదానిని ఎక్కువకాలము నిలుపుకొను ప్రయత్నము చేయవచ్చునని ఆయన బదులిచ్చెను. ఆ మూడు నెలలలో ఎంత పోయెనో కొలుచుటకు కొలబద్ద లేదు. లేకపోవుట మాకు ఊరట కాదు.

వెలుపలికి వచ్చి వేపచెట్టు క్రింద కూర్చున్నప్పుడు, కాశీబుగ్గలో జరిగినది ఆయనకు దాచక చెప్పితిమి. వేడి యింజనుమీద బిగించినది, చప్పుడు పోయినదని గర్వించినది, వాల్వు కాలినది, అన్నియు చెప్పితిమి. కోపించునని యనుకొంటిమి. ఆయన చాలసేపు ఊరకుండి, "నాకూ సౌండు రానేదురా అల్లుడూ" అనిరి. మరి యేమియు అనలేదు.

2023 ఆరంభమునుండి ఆయనకు రక్తశుద్ధి జరుగుచున్నది. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల వ్యాధి పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభమైనవి. వంశధార నీటిని హిరమండలమునుండి గొట్టములద్వారా ఉద్దానపు పల్లెలకు చేర్చు పథకముకూడ ఆ దినముననే ప్రారంభింపబడినది. దూరపట్టణములకు పోవలసిన బాధ ఉద్దానమువారికి కొంత తగ్గినది.

కాశీబుగ్గనుండి బండి తిరిగి వచ్చినపిదప, దాని టాపెట్లను మరల సరిచేయు విద్యను మా మేనమామగారు తమ పెరటిలో నులకమంచముమీద కూర్చుండి మాచేత చేయించి నేర్పిరి. ఆ క్రమమును ఇచ్చట వ్రాయుచున్నాము. మీ యిండ్లలో పాతబండి యున్నచో పెద్దల యెదుట మాత్రమే ప్రయత్నింపుడు. మీ బండి కొలత వేరైనచో దాని పుస్తకమున నున్న కొలతనే పాటింపుడు.

మొదటి నియమము: ఇంజను చల్లగా నుండవలెను. రాత్రియంతయు నిలిచియున్న బండికి తెల్లవారుజామున, నీడలో ఈ పని చేయవలెను. సాయంకాలము తిరిగివచ్చినవెంటనే చేయరాదు. వేడి మీద చూచిన కొలత ఆ గడియకు నిజమై మరునాటికి అబద్ధమగును.

రెండవది: బండిని సమతలమున నడిమి స్టాండుపై నిలిపి, ప్లగ్గు విప్పి, ఆ రంధ్రముపై బొటనవ్రేలు ఆనించి కిక్కును చేతితో మెల్లగా నొక్కవలెను. ఒకప్పుడు లోపలిగాలి వ్రేలిని బయటికి నెట్టును. అప్పుడు పిస్టను పైకి వచ్చుచున్నదని, రెండు వాల్వులును మూసికొనియున్నవని గ్రహించి, అది శిఖరమును చేరువరకు మరికొంచెము త్రిప్పి ఆపవలెను. ఈ స్థితిలోనే టాపెట్లను చూడవలెను. ఏదైనను ఒక వాల్వు తెరచియుండగా చూచినచో కొలత తప్పును.

మూడవది: సిలిండరు కుడిప్రక్క అడుగున నున్న చిన్నమూతను విప్పినచో రెండు కడ్డీలు అగపడును. ఒక్కొక్కదానిని బొటనవ్రేలు, చూపుడువ్రేలు నడుమ పట్టి త్రిప్పవలెను. మా పాతబండికి కొలత కాగితముమీద లేదు; వ్రేళ్లలో నున్నది. కడ్డీ అడ్డులేక గిఱ్ఱున తిరుగవలెను. కాని పైకి క్రిందికి ఊపినచో ఆడరాదు. ఆడినచో వదులు, తిరుగనిచో బిగువు. ఇంజను వేడెక్కినపిదప సిలిండరు పెరుగుటచేత సందు తనంతట కొంచెము హెచ్చును. అందుచేతనే చల్లగా నున్నప్పుడు ఇంతమాత్రము చాలును. పొగవాల్వు కడ్డీని కొంచెము ఎక్కువ స్వేచ్ఛగా విడుచుట మా మేనమామగారి అలవాటు. "మంటలో ఉండేదానికి కొంచెం ఊపిరి ఎక్కువ కావాలి" అనెడివారు.

నాలుగవది: సవరించుటకు మూడు పానాలు కావలెను. ఒకటి పట్టుకొనుటకు, ఒకటి లాకునట్టును వదులుచేయుటకు, ఒకటి సవరించు మరను త్రిప్పుటకు. చేతులు రెండే గనుక మొదటిదినమున ఎవ్వరికైనను విసుగు పుట్టును. లాకునట్టును బిగించునప్పుడు కొలత కొంచెము జరుగుట సహజము. కాబట్టి బిగించినపిదప మరల వ్రేళ్లతో చూడవలెను. ఇంజనును రెండు చుట్లు త్రిప్పి మరల అదే స్థితికి తెచ్చి మూడవసారి చూడవలెను. మేము రెండుసారులు చూచి చాలుననగా ఆయన లేచి వచ్చి తామే చూచిరి. రక్తశుద్ధికొరకు నరములు కలిపి కుట్టిన ఎడమచేతితో బరువుపని చేయరాదు గనుక, కుడిచేతి రెండు వ్రేళ్లు మాత్రము లోనికి చాచి, కన్నులు మూసికొని, కడ్డీని త్రిప్పిరి. "ఇంకొక్క పిసరు వదులు" అనిరి. మేము వదలితిమి. కిక్కు కొట్టగా టిక్కుటిక్కు మొదలైనది. ఆయన మంచముమీద పండుకొని ఆలకించి, "అదీ" అనిరి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బండిని ప్రతి మూడు నెలలకు చల్లగా నున్నప్పుడు చూడవలెనని నేర్చుకొంటిమి గదా, మా దేహమును ఎన్నడైనను చూచుకొంటిమా యను ఆలోచన కలిగెను. మా తల్లిగారిది ఉద్దానము. మా బాల్యమంతయు ఆ బావుల నీళ్లే త్రాగి పెరిగితిమి. అయినను ఇన్ని యేండ్లలో ఒక్కసారియు పరీక్ష చేయించుకొనలేదు. నొప్పి లేదుగదా యని మేమును అనుకొంటిమి. నిజము చెప్పవలెనన్నచో, భయమే కారణము. మరునాడు మా మేనమామగారి కుమారుని వెంటబెట్టుకొని, అదే బండిపై పలాస పోయి, ఇద్దరము రక్తమును, మూత్రమును పరీక్షకిచ్చితిమి. మాది సరిగా నుండెను. అతని మూత్రములో ఆల్బుమిన్ పోవుచుండెను. క్రియాటినిన్ హద్దునకు కొంచెము పైన నుండెను. అతనికి ముప్పదియొక్క యేండ్లు. దినమునకు ఇరువది కొబ్బరిచెట్లు ఎక్కువాడు. ఏ బాధయు ఎరుగడు.

ఆ సంగతి తెలిసి ఇంటిలో ఏడ్పులు చెలరేగినవి. కాని మా మేనమామగారు ఏడ్వలేదు. "వాడికి ముందే అరిసింది గదా, మంచిదే" అనిరి. వైద్యుడు అతనికి చెప్పినవి కష్టసాధ్యములైన పనులు కావు. ఒళ్లునొప్పులకు దుకాణములో అడిగి కొను నొప్పిమాత్రలను పూర్తిగా మానుట, ఎండవేళ పని తగ్గించి నీరు తగినంత త్రాగుట, రక్తపుపోటును అదుపులో నుంచుట, మూడు నెలలకొకసారి పరీక్ష చేయించుట. రెండు సంవత్సరములుగా అతడు ఒక్క పరీక్షయు తప్పలేదు. అతని అంకెలు ఇంచుమించు నిలుకడగనే యున్నవి. పరీక్షదినమున అతనిని తీసికొని పోవు బాధ్యత మేము వహించితిమి. ఆ దినము తెల్లవారుజామున మొదట బండి టాపెట్లను చూచి, పిదప ప్రయాణమగుదుము. ఒకసారి మా బండిచేత తప్పిన పరీక్ష మరల తప్పరాదని మా నియమము.

తలిదండ్రులారా! ఈ పత్రిక మీ యిండ్లకు చేరును. మీలో అనేకులు మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతములవారు. మీ పిల్లలు మంచి మార్కులు తెచ్చుకొనవలెనని మీరు తోటలలో ఎండకు శ్రమించుచున్నారు. ఒక్క ఉదయము తోట విడిచి పరీక్షకు పొండు. కాగితము చేతికి వచ్చినచో దానిని పంచాంగములో దాచకుడు. విద్యార్థులారా! ఇంట పెద్దలు "నాకేటి నేదు" అన్నప్పుడు ఆ మాటను పట్టుకొని ఊరకుండకుడు. చేయి పట్టుకొని తీసికొనిపొండు.

ఇక ప్రశ్న వేసిన బాలునకు మా సమాధానము. నాయనా! నీవు బాగుగా ఆలకించితివి. సందేహము కలిగినప్పుడు అడిగితివి. ఈ రెండును శాస్త్రజ్ఞుని లక్షణములు. కాని మా బండిలో ఏదియు వదులు కాలేదు. అది ఉండవలసినంత సందుతో, చేయవలసినంత చప్పుడు చేయుచున్నది. ఆ చప్పుడు ఏనాడైనను వినరాకపోయినచో, దయచేసి పరుగున వచ్చి మాకు చెప్పుము.

వారమునకు మూడు దినములు రక్తశుద్ధికి పోవు మా మేనమామగారు ఇప్పటికిని, మేము కవిటి పోయినప్పుడు, వీథి మలుపువద్దనే బండిని గుర్తుపట్టుదురు. లోనికి పోవునప్పటికి మంచముమీద లేచి కూర్చుండి యుందురు. మా కుశలము అడుగుటకు ముందు, "చల్లగున్నప్పుడు చూసినావా?" యని యడుగుదురు. చూచితిమని చెప్పుదుము. ఇంతవరకు ఆ మాట అబద్ధము కాలేదు.